మూడు చుక్కలు

హెప్సిబాకి చిన్నప్పటి నుంచీ ఒకటే జబ్బు. ఏ వస్తువు కంటబడినా దాని లోపల ఏముందో చూస్తేగానీ ముద్ద దిగదు. ఏడేళ్ళప్పుడు వాళ్ళ నాన్న శౌరయ్య పొలానికి పోయిన సమయం చూసి, ఇంట్లో రేడియోని పీటమీద పెట్టి మరలన్నీ ఊడదీసింది. లోపల మనుషులెవరూ లేరని తేలాక కాసేపు ఏడ్చి, అన్నీ మళ్ళీ బిగించింది. ఒక మర మిగిలిపోయింది. దాన్ని గూట్లో దాచేసింది. ఆ మర లేకుండానే రేడియో ఇంకో నాలుగేళ్ళు మాట్లాడింది.

చిన్న ముక్క ఒకటి వదిలేసినా పని నడిచిపోతుందని ఆ పిల్ల ఆ రోజు నేర్చుకుంది. చదువుల్లో కొన్ని రాకపోవడమే నయం.

ఇప్పుడామెకి ఇరవై ఎనిమిదేళ్ళు. బెజవాడ పటమటలో, కింద టిఫిన్ సెంటరూ పైన ఆఫీసూ ఉన్న మేడమీద ప్రోగ్రామర్ ఉద్యోగం. కాలేజీలకి టైంటేబుళ్ళు వేసిపెట్టే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. సాయంత్రం అయిదు దాటాక ఆమె సొంత చదువు మొదలయ్యేది. ఎవరూ నేర్పలేదు. ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడి పాఠాలో తిరగేసి, అర్థం కానిది మళ్ళీ వెతికి, దాంట్లో అర్థం కానిది మళ్ళీ వెతికి, అలా తీగలాగుతూ పోయేది. చివరికి ఆ వెతకడమనే పనినే విప్పి చూడాలనిపించింది. మనం ఒక మాట కొట్టగానే కోట్ల పేజీల్లోంచి కావాల్సింది ఎలా తెచ్చి పెడుతుంది?

విప్పగా విప్పగా తేలింది ఇంతే. పెద్ద పుస్తకాల చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక ఉంటుంది చూడండి, అదే. కాకపోతే లక్షల పేజీలకి వేసిన పట్టిక. ఎవరేం అడిగినా యంత్రం ఆలోచించదు. పట్టిక చూస్తుంది, ఆ మాటలున్న పేజీలు తీస్తుంది, ఏది ముందో ఏది వెనకో లెక్కగట్టి పరుస్తుంది. దానికి మాట తెలుసు, అర్థం తెలియదు. రేడియోలో మనుషులు లేరని తెలిసినప్పటి లాంటి దిగులే మళ్ళీ వేసింది హెప్సిబాకి. ఈసారి ఏడుస్తూ కూర్చోలేదు. తనే ఒకటి కట్టింది.

దానికి "అడుగు" అని పేరు పెట్టింది. పొలం పనుల మీదా, పశువుల మీదా, ఇంటి వైద్యం మీదా మన భాషలో అడిగితే మన భాషలో చెప్పే ఫోన్ యాప్. కంకిపాడులో రామకోటేశ్వరరావు గారని వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆయన దగ్గర ముప్ఫై ఏళ్ళ కరపత్రాలూ, చిన్న పుస్తకాలూ రెండు బస్తాలుంటే అన్నీ స్కాన్ చేసుకుంది. చదువు రానివాళ్ళ కోసం మైకు బొమ్మ పెట్టింది. నొక్కి అడిగితే జవాబు గొంతుతో వినిపిస్తుంది. ఆ గొంతు కూడా హెప్సిబాదే. మంచంమీద దుప్పటి ముసుగేసుకుని, ఫ్యాను ఆపేసి, చెమటలు కారుతూ నాలుగు వేల మాటలు చదివి రికార్డు చేసింది. ఆ మాటల్ని అతికించి యంత్రం ఏ వాక్యమైనా పలికేది.

పామర్రు దగ్గర వాళ్ళ పేటలో ఇంటింటికీ తిరిగి తనే ఫోన్లలో ఎక్కించింది. పక్కింటి సువార్తమ్మ అయితే ఆ గొంతు విని మురిసిపోయింది. సువార్తమ్మకి అరవై దాటాయి, నాట్లకీ కలుపులకీ వెళ్ళే మనిషి. కూతురు పురిట్లోనే పోతే మనవరాలు చిన్నిని చేతులమీద పెంచుతోంది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంట. మన శౌరయ్య కూతురు ఫోన్లోంచి మాట్లాడతందే" అంది.

"చదువు రాకపోయినా పర్లేదు మామ్మా. ఏం కావాల్సొచ్చినా ఇది నొక్కి అడుగు. నేను చెప్తాగా."

ఆ మాట అన్నప్పుడు చిన్ని పక్కనే ఉంది. ఆరేళ్ళ పిల్ల. దానికో వింత అలవాటు, దేనికైనా "కాదు" అనేది. అన్నం తిన్నావా అంటే లేదు అనాల్సిన చోట "కాదు". బడికి వెళ్తావా అంటే "కాదు". ఔనని చెప్పాల్సిన వాటికి కూడా నవ్వుతూ "కాదు". పేటలో అందరికీ అదొక ఆట. హెప్సిబా కూడా "నీ పేరు చిన్నియేనా?" అని అడిగి, "కాదు" అనిపించుకుని, బుగ్గ గిల్లి బస్సెక్కింది.

సాయంత్రం టీ తాగుతూ, జనం ఏమేం అడిగారో వరసగా రాసి ఉండే చిట్టా చదవడం హెప్సిబాకి పెద్ద సరదా. వరికి దోమపోటు మందు. గేదె ఈనలేకపోతోంది. కోడి తూలుతోంది. ఒకడైతే మా ఆవిడ అలిగింది ఏం చెయ్యాలి అని కూడా అడిగాడు. దానికి యంత్రం వేపపిండి చల్లమంది. ఆ రోజు ఆఫీసంతా నవ్వుకున్నారు.

సెప్టెంబరులో ఒక మంగళవారం సాయంత్రం ఆ చిట్టాలో ఈ వరస కనబడింది. ఉదయం పదకొండూ పది. సువార్తమ్మ ఫోను. అడిగింది: "పిల్ల పురుగుమందు తాగేసింది ఏం చెయ్యాలి." చెప్పిన జవాబు: "పురుగుమందు మింగినవారికి ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించడం మంచిది…"

హెప్సిబా టీ గ్లాసు కింద పెట్టేసింది. ఆ జవాబు ఏ పుస్తకంలోదో ఆమెకి తెలుసు. తెరిచి చూసింది. అక్కడ వాక్యం పూర్తిగా ఉంది. వాంతి చేయించడం మంచిది కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి అని ఉంది.

సంగతేమిటంటే, జవాబులు పొడుగైతే ఎవరూ వినరని, అరవై అయిదు అక్షరాలు దాటగానే కత్తిరించి మూడు చుక్కలు పెట్టమని ఆమే రాసింది. ఆ లెక్క ఇంగ్లీషు పాఠంలోంచి ఎత్తుకొచ్చింది. ఇంగ్లీషువాడు వద్దనేది ముందే చెప్పేస్తాడు, తోక కోసినా ప్రమాదం లేదు. పైగా వాడికి అరవై అయిదు అక్షరాల్లో వాక్యం పట్టేస్తుంది. మన గుణింతాలూ ఒత్తులూ యంత్రం విడివిడిగా లెక్కేస్తుంది కాబట్టి మనకి సగమే పడుతుంది. మనం వద్దో, కాదో, లేదో చెప్పేది చిట్టచివర. అమ్మ కడుపులోంచి తెలుగు మాట్లాడిన మనిషికి ఆ ముక్క తట్టలేదు. మూడు చుక్కలు కంటికి కనబడతాయి, ఇంకా ఉందని తెలుస్తుంది. గొంతు చుక్కల్ని చదవదు. మంచిది అని చెప్పి ఊరుకుంటుంది.

అప్పుడే ఫోను మోగింది. శౌరయ్య.

"అమ్మాయ్, మన సువార్తమ్మ మనవరాలు పోయిందమ్మా. కూల్‌డ్రింకు సీసాలో ఉన్న మందు తాగేసిందంట. వాంతులు చేయించేసరికి అది ఊపిరితిత్తుల్లోకి పోయిందంట. ఆ పని చెయ్యకుండా తీసుకొస్తే బతికుండేదని డాక్టరు కేకలేశాడు. పాపం ముసల్ది, ఎవరు చేయించమన్నారంటే నేనే, నేనే అంటోంది. ఇంకో మాట లేదు."

హెప్సిబా ఫోను పెట్టేసి, పదకొండు నిమిషాల్లో కోడ్ సరిచేసింది. వాక్యం పూర్తయ్యేదాకా కత్తిరించొద్దని ఒక్క వరస, అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. తరవాత ఇంకో పని చేసింది. చిట్టాలో ఆ పదకొండూ పది వరసని చెరిపేసింది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. యేసుప్రభువు సంగతి వేరే అని ఆమెకి తెలుసు. అయినా చెరిపేసింది.

భూస్థాపనకి వెళ్ళలేదు. ఆఫీసులో పని ఉందని అబద్ధం చెప్పింది. పనంటే, ఆ రోజంతా బాత్రూములో కుళాయి తిప్పి, చప్పుడు బయటికి రాకుండా ఏడవడం.

పదో రోజున చిట్టాలో ఆ వరస మళ్ళీ వచ్చింది. ఉదయం పదకొండూ పది. అడిగిన చోట మాటలేమీ లేవు. మూడు చుక్కలున్నాయి. జవాబు చోట ఖాళీ. ఏదో పాత ముక్క మిగిలిపోయి ఉంటుందని చెరిపేసింది. మర్నాడు పదకొండూ పదికి మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ. ఏ ఫోను నుంచి అని చూస్తే ఆ గడిలో కూడా చుక్కలే. సర్వర్‌లో ఎక్కడో తప్పుంది అనుకుంది. తప్పు ఎక్కడుందో ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

అక్టోబరు మూడోవారంలో నోటి సంగతి బయటపడింది.

ఆఫీసులో ఆమె పక్క సీటు పవన్‌కుమార్‌ది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. పొద్దున్నే, "ఏవండీ, కాలేజీవాళ్ళ మీటింగు రద్దా?" అని అడిగాడు. రద్దు కాదు, మధ్యాహ్నానికి మారింది అని హెప్సిబా చెప్పింది. చెప్పాననే అనుకుంది. పవన్ వెంటనే ఫోన్ చేసి కాలేజీవాళ్ళని రావద్దనేశాడు.

"రద్దు అన్నారు కదండీ, మధ్యాహ్నానికి మారితే ఇంకేం కుదురుతుందిలే అనుకున్నా."

"నేనలా అనలేదు."

"అన్నారండీ. రద్దు అని కాస్సేపు ఆగి, మధ్యాహ్నానికి మారింది అన్నారు. మధ్యలో నోరు కదిలింది, ఏమీ వినబడలా."

నవ్వేసి ఊరుకుంది. కానీ మధ్యాహ్నం తను పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి తనే పెట్టుకుని వింది. "ఇది ఫైనల్" అని ఉంది. తరవాత చిన్న ఖాళీ. ఆ ఖాళీలో ఊపిరి చప్పుడు ఉంది. తను అక్కడ ఆ మాట అన్న సంగతి ఆమెకి బాగా గుర్తు.

సోమవారం దీపాలు పెట్టేవేళ, అదే మేడమీద వెనకవైపు ఉన్న తన అద్దెగదికి వెళ్ళి తలుపు వేసుకుంది. అద్దం ముందు నిలబడింది. లేదు అంది, వినబడింది. వద్దు, కూడదు, రాదు, అన్నీ వినబడ్డాయి. కాదు అంది. పెదాలు కదిలాయి. నాలుక పైకి తగిలింది. గొంతు దగ్గర చెయ్యి పెడితే అదురుతోంది కూడా. శబ్దం లేదు. మళ్ళీ అంది. గట్టిగా అంది. అరిచింది. వరసగా ఏడుసార్లు. కింద టిఫిన్ సెంటర్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు తప్ప ఆ గదిలో ఏమీ లేదు.

గొంతు డాక్టరు టార్చిలైటు వేసి చూసి అంతా బాగుందన్నాడు. అలవాటు కొద్దీ ఇంటర్నెట్‌లో వెతికింది. ఒకే ఒక్క మాట పలకలేకపోవడం అని. వచ్చిన ప్రతి జవాబూ సగంలో తెగి మూడు చుక్కలతో ఆగింది. రోజూ చూసేవే అవి. ఇప్పుడు చూడలేక ఫోను బోర్లా పెట్టేసింది.

చివరికి తన "అడుగు"లోనే వెతికింది. నోటితో అనలేకపోతోంది కాబట్టి "కాదు" అని టైపు చేసింది. రెండు బస్తాల పుస్తకాలు. ఆ మాట రెండు వేల చోట్ల ఉండాలి. యంత్రం కాసేపు గిర్రున తిరిగింది.

ఒక్క చోటే దొరికింది.

ఆ చోటు చిట్టాలో ఆమె చెరిపేసిన పదకొండూ పది వరస.

ఆ వారమంతా "అబ్బే" అనుకుంటూ గడిపింది. "అబ్బే, అది వేరేదండీ" అని. ఎవరైనా గొంతు పెంచి "ఇది ఎవరి పని?" అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది. శుక్రవారం నాన్న ఫోన్ చేశాడు. రేపు చిన్నికి నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడిక, నువ్వు రాకపోతే బాగుండదు, ముసల్ది నిన్నే అడుగుతోంది అన్నాడు.

"నన్నా? ఎందుకు?"

"ఏమో తల్లీ. హెప్సీ వస్తే ఒక మాట అడగాలి అంటది."

శనివారం మధ్యాహ్నం బస్సెక్కింది. వాయుగుండం పట్టి ఆకాశం బూడిద రంగులో ఉంది. కంకిపాడు దాటేసరికి చినుకులు, ఉయ్యూరు దాటేసరికి జోరువాన. కాలవ పొర్లుతూ రోడ్డు పక్కనే వస్తోంది. పామర్రులో దిగి ఆటోలో పేటకి చేరేసరికి మూడున్నర. అప్పటికే దీపాలు కావాల్సినంత చీకటి, కరెంటు లేదు. తడిసిన గడ్డివాసన. దాని అడుగున ఇంకో వాసన, చేలల్లో కొట్టే మందు వాసన, ముక్కుకి పట్టినట్టు. ఇంత వానలో మందు ఎవరు కొడతారు అనుకుంది.

కూడిక పొద్దున్నే అయిపోయిందట. సువార్తమ్మ ఇంటి ముందు టార్పాలిన్ కింద కుర్చీలు తడుస్తున్నాయి. ఎవరూ లేరు. తలుపు తోసింది. లోపల ఒక కొవ్వొత్తి. గోడవార ట్రంకుపెట్టె, దాన్నానుకుని సువార్తమ్మ. నలభై రోజుల్లో సగమైపోయింది మనిషి.

"రా తల్లీ. తడిసిపోయావు. ఇట్టా కూర్చో."

హెప్సిబా చాపమీద కూర్చుంది. 

"నిన్నో మాట అడగాలి," అంది సువార్తమ్మ. గొంతు బాగా తగ్గించి. "ఆ రోజు నేను ఫోను నొక్కి అడిగా. నువ్వు చెప్పావు. వాంతి చేయించడం మంచిది అని నాకు వినబడింది. నువ్వు కాదు అనే చెప్పుంటావమ్మా. చదువుకున్న పిల్లవి, తప్పెందుకు చెప్తావు. ఈ చెవిటి చెవులకే వినబడలా. కంగారులో ఆఖరి ముక్క వినకుండా పరిగెత్తా. డాక్టరుకి కూడా నీ పేరు చెప్పలా. నువ్వు ఆ మాట చెప్పావు కదా? అదొక్కటి నీ నోటితో విందామని."

 నలభై రోజులుగా ఈ మనిషి తన చెవుల్ని తిట్టుకుంటూ కూర్చుంది. ఆ చెవుల తప్పేమీ లేదు. అది తెలిసింది లోకంలో ఒక్కరికే.

చెప్పేద్దాం అనుకుంది. నిజంగానే అనుకుంది. కానీ మనసు ఎంత టక్కరిదంటే, సగం నిజంతో సరిపెట్టుకోవచ్చా అని చూసింది. తన మాట ఎత్తకుండా ముసలామెని మటుకు ఓదారిస్తే చాలదా?

"మామ్మా, నీ చెవుల తప్పు…"

పెదాలు కదిలాయి. మాట రాలేదు.

ట్రంకుపెట్టెలోంచి వచ్చింది.

"కాదు."

హెప్సిబా గొంతే. సన్నగా, ఇనపరేకు వెనకనుంచి.

కొవ్వొత్తి కదల్లేదు. సువార్తమ్మ కూడా కదల్లేదు. పెట్టెమీద చెయ్యేసి నిమిరింది.

"బెదరమాక. అది అప్పుడప్పుడూ అంటానే ఉంటది. ఒకటే మాట. నీ గొంతుతోనే అంటది గానీ, అది మా చిన్నితల్లి మాట. నాకేం భయం లేదు."

"ఎప్పటి… ఎప్పటినించి?"

"పది పదిహేను రోజులబట్టి. ఒక్కోరోజు ఒకసారి, ఒక్కోరోజు రెండుసార్లు. మొన్న సోమారం దీపాలవేళ మటుకు వరసపెట్టి ఏడుసార్లు అంది. ఏడోసారి అరిచింది. లెక్కపెట్టా."

హెప్సిబా వీపు గోడకి తగిలింది. అంత వెనక్కి జరిగానని ఆమెకి తెలియలేదు. మందు వాసన ఇప్పుడు గదిలోనే ఉంది. పెట్టెలో ఫోనుంది, అంతే అనుకుంది. ఫోనులో యాప్ ఉంది. యాప్‌లో తన గొంతుంది. నాలుగు వేల మాటల్లో ఆ మాట కూడా ఉంది. ఏదో కారణం ఉంటుంది. విప్పి చూస్తే తెలుస్తుంది. ప్రతిదానికీ లోపల ఏదో ఒకటి ఉంటుంది.

"ఫోను ఒకసారి ఇస్తావా మామ్మా? చూస్తా."

"ఫోనెక్కడిదమ్మా. ఆ రోజే ఆసుపత్రి నుంచి వస్తా కాలవలో ఇసిరేశా."

"మరి… పెట్టెలో?"

"చిన్నిది గౌను. పలక. అంతే."

బయట గాలికి టార్పాలిన్ కొట్టుకుంది. హెప్సిబా పెట్టెవైపు చూసింది. గొళ్ళెం వేసి ఉంది. తాళం లేదు. చెయ్యి చాస్తే అందుతుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక వస్తువు లోపల ఏముందో చూడాలనిపించలేదు.

"అడిగినదానికి చెప్పలా నువ్వు," అంది సువార్తమ్మ. "ఆ మాట చెప్పావా తల్లీ?"

అప్పుడు తెలిసింది హెప్సిబాకి. తన నోట్లోంచి పోయింది ఒక్క మాటే. నిజం చెప్పడానికి ఆ మాటతో పనే లేదు. అవసరమైనవన్నీ నాలుకమీద అలాగే ఉన్నాయి. నలభై రోజులూ అలాగే ఉన్నాయి.

"చెప్పలేదు మామ్మా."

వాన ఒక్కసారి పెద్దదయింది. ఆమె ఆగలేదు. ఆగితే మళ్ళీ రాదని భయం.

"నేను చెప్పలేదు. నీకు సరిగ్గానే వినబడింది. పుస్తకంలో ఆ మాట ఉంది. నేనే కత్తిరించేశా. జవాబు పొడుగైపోతుందని. కావాలని చెయ్యలా, కానీ చేసింది నేనే. ఆ సాయంత్రమే తెలిసింది నాకు. తెలిసి చెరిపేశా. ఎవరికీ తెలియకుండా. నువ్వు 'నేనే, నేనే' అంటున్నావని నాన్న చెప్పాడు, విన్నా. విని ఊరుకున్నా. తప్పు నాది."

అనేసింది. అనేసి చెవులు రిక్కించింది.

దేనికోసమో ఆమెకి వెంటనే తెలిసింది, తెలిసి సిగ్గుతో చచ్చిపోయింది. పెట్టెకోసం. దేనికైనా కాదు అనే పిల్ల. అన్నం తిన్నావా అన్నా కాదు, నీ పేరు చిన్నియేనా అన్నా కాదు. తప్పు నాది అంటే కూడా ఆ మాట అంటుందని, ఒక్కసారి అంటుందని ప్రాణమంతా ఆశపడింది.

పెట్టె ఏమీ అనలేదు.

చూరునించి నీళ్ళు కారుతున్నాయి. కొవ్వొత్తి సగానికి వచ్చింది. పెట్టె ఏమీ అనలేదు.

సువార్తమ్మ తిడుతుందనుకుంది హెప్సిబా. కొట్టినా బాగుండేది. ముసలామె రెండు చేతులూ మెల్లగా ఎత్తి, తన చెవుల్ని తడుముకుంది. ముందు ఒకటి. తరవాత ఇంకొకటి.

"అయితే నా చెవులు బాగానే ఉన్నాయా?"

"బాగానే ఉన్నాయి మామ్మా."

"బాగానే ఉన్నాయంట," అంది పెట్టెవైపు తిరిగి, ఎవరికో చెప్తున్నట్టు.

అప్పుడు పెట్టెలోంచి మాట వచ్చింది. ఆ మాట కాదు, వేరే మాట. గొంతు కూడా హెప్సిబాది కాదు. ఆరేళ్ళ పిల్ల గొంతు. తడిగా, బొంగురుగా, దగ్గి దగ్గి అలిసిపోయినట్టు.

"మంచిది…"

ఊరుకుంది. ఊరుకున్న తీరు మాట అయిపోయినట్టు లేదు. ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు వినబడింది, ఇంకో ముక్క చెప్పబోయే ముందు తీసుకుంటాం చూడండి, అలా.

పెట్టె గొళ్ళెం సన్నగా కదిలింది. లేక కొవ్వొత్తి నీడ కదిలిందో. హెప్సిబా లేవబోయింది. సువార్తమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ఎండిపోయిన ఆ చేతిలో అంత బలం ఉంటుందని ఎవరూ అనుకోరు.

"కూర్చో తల్లీ," అని గుసగుసగా అంది, చెవి పెట్టెకి ఆనించి. "ఆఖరి ముక్క వినకుండా పోమాక. ఇంకా అయిపోలా."